ఆపరేషన్ గంటలో అయిపోయింది, రికవరీ రూమ్‌లో సాయంత్రం దాకా ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అక్కకి ల్యాప్రోస్కోపీలో గాల్ బ్లాడర్ తీశారు. అదే రోజు ఇంటికి పంపిస్తామన్నారు గానీ రికవరీ రూమ్‌లో సాయంత్రం దాకా ఉంచేశారు. ఆమె తర్వాత కంటి శుక్లం తీయించుకున్న పెద్దాయన ముందే వెళ్లిపోయారు. ఏదో తేడా జరిగితే మాకు చెప్పలేదేమో అని టెన్షన్. వచ్చే నెల నాకు హెర్నియా ఆపరేషన్, వెన్నుకి మత్తు ఇస్తారట. నాకూ ఇంతేనా?

జవాబు: ఆ పెద్దాయనతో పోల్చుకోకండి. శుక్లం ఆపరేషన్‌కి సాధారణంగా కంటి వరకే మత్తు, మనిషి మెలకువగానే ఉంటాడు. మీ అక్కకి ఇచ్చింది ఒళ్లంతటికీ మత్తు. దాన్నించి తేరుకున్నాక కాళ్లు చేతులు కదపడం, ఊపిరి, బీపీ, స్పృహ, రక్తంలో ఆక్సిజన్ చూసి ఒక్కోదానికి గరిష్ఠంగా 2 చొప్పున మార్కులు వేస్తారు. దీన్ని ఆల్డ్రెట్ స్కోరు అంటారు. 10కి 9 వస్తే మొదటి గండం దాటినట్టే, కానీ ఇంటికి పంపడానికి అదొక్కటే చాలదు. లేచి నడవగలగాలి, నొప్పి మాత్రలతో అదుపులోకి రావాలి, వాంతులు, రక్తస్రావం ఉండకూడదు.

ఎక్కువమంది ఆగిపోయేది నొప్పి దగ్గర, వాంతుల దగ్గరే. ఆడవాళ్లకి, బస్సెక్కితే కడుపులో తిప్పేవాళ్లకి, ఇంతకుముందు ఆపరేషన్ తర్వాత వాంతులైనవాళ్లకి, నొప్పికి మార్ఫిన్ లాంటి మందులు వాడాల్సి వచ్చినవాళ్లకి ఈ బాధ ఎక్కువ. సిగరెట్ తాగనివాళ్లకి కూడా (అలాగని ఇప్పుడు మొదలుపెట్టకండి). పైగా ల్యాప్రోస్కోపీలో కడుపులోకి ఎక్కించిన గ్యాస్ వల్ల భుజం నొప్పి కూడా రావచ్చు, అది చూసి గుండె నొప్పేమో అని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. కాబట్టి సాయంత్రం దాకా ఉంచినంత మాత్రాన దాచిన సంగతేదో ఉన్నట్టు కాదు, అయినా ఎందుకు ఆపారో అడిగే హక్కు మీకుంది, చెప్పాల్సింది వాళ్లే.

ఇక మీ సంగతి. వెన్నుకి ఇచ్చే మత్తులో వాంతులు తక్కువే గానీ కాళ్లలోకి బలం వచ్చేదాకా కదలనివ్వరు, అది ఏ మందు ఎంత మోతాదులో ఇచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంకో చిక్కు మూత్రం. హెర్నియా ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న మగవాళ్లకి, ఒక్కోసారి బిగుసుకుపోతుంది. రాత్రిళ్లు పదేపదే లేస్తున్నా, ధార సన్నగా వస్తున్నా సిగ్గుపడకుండా మత్తు డాక్టరుకి ముందే చెప్పండి. గట్టిగా గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగే అలవాటుంటే అదీ చెప్పాలి, అలాంటివాళ్లని ఎక్కువసేపు గమనిస్తారు.

ఒంట్లో అంతా బాగున్నా తోడు మనిషి రాలేదనో, డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టాల్సిన డాక్టర్ ఇంకో ఆపరేషన్‌లో ఉన్నారనో గంటలు గడిచిపోవడం మామూలే. రెండోది మన చేతిలో లేదు. తోడుకి మాత్రం ముందే ఒకరిని మాట్లాడి పెట్టుకోండి, 24 గంటలు బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలూ వద్దు. ఇంటికెళ్లాక ఆరేడు గంటలైనా మూత్రం రాకపోయినా, పొత్తికడుపు ఉబ్బి నొప్పి పెడుతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.