గజ్జల్లో దద్దు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంటే

ఆయింట్‌మెంట్ రాస్తే నాలుగు రోజుల్లో తగ్గి, మానేసిన పది రోజులకే దద్దు మళ్ళీ వస్తోందనీ, ఇది సుఖవ్యాధేమోనని భయంగా ఉందనీ మీరు రాశారు. రెండేళ్ళ పాటు నేనూ ఇదే భయంతో ఎవరికీ చెప్పుకోలేక గడిపాను కనుక, నాకు తెలిసింది దాచకుండా చెబుతాను.

నాకు రెండు గజ్జల్లోనూ, అంచులు ఎర్రగా ఉబ్బి మధ్యలో మానినట్టు కనిపించే దద్దు వచ్చేది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న ఆయింట్‌మెంట్‌తో దురద ఒక్క పూటలో పోయేది. చివరకు చర్మవైద్యుణ్ణి కలిసినప్పుడు, ఆయన ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న క్లోబెటాసోల్ అనే పేరు చూపించారు. అది చాలా తీవ్రమైన స్టెరాయిడ్. అది ఎరుపునూ దురదనూ అణచివేస్తుంది గాని నాకు వచ్చిన తామరకు కారణమైన ఫంగస్‌ను చంపదు. పైగా ఆ చోట చర్మానికి ఉండే రక్షణను తగ్గించి, ఫంగస్ మరింత పాకడానికి వీలు కల్పిస్తుంది. గజ్జల చర్మం పలుచన కనుక మందును ఎక్కువగా పీల్చుకుంటుంది. నా తొడల లోపలి వైపు అప్పుడు పడిన చారలు ఇప్పటికీ పోలేదు.

ఆయన బ్లేడు అంచుతో కొంచెం పొట్టు గీకి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, మైక్రోస్కోపులో ఫంగస్ పోగులను చూశారు. తరువాత మేజోళ్ళు విప్పమన్నారు. చిటికెనవేలి సందులో తెల్లగా నాని ఒలిసిపోయిన చర్మం ఉంది. లోదుస్తులు తొడుక్కునేటప్పుడు పాదాల ఫంగస్ గజ్జలకు చేరుతుందని, ముందు మేజోళ్ళు వేసుకోమని చెప్పారు. పాదాలకు కూడా చికిత్స చేసిన తరువాతే నాకు పూర్తిగా తగ్గింది.

అయితే మీది కూడా తామరే అని నేను అనలేను. గజ్జల్లో వచ్చే తామర సాధారణంగా గజ్జలకూ తొడలకూ పరిమితమవుతుంది. శిశ్నాగ్రం ఎర్రబడి, ముందరి చర్మం కింద తెల్లటి పదార్థం చేరుతూ ఉంటే అది కాండిడా అనే మరో రకం ఫంగస్ కావచ్చు. పదే పదే వస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష తప్పక చేయించుకోవాలి. ముందుగా చురచురలాడి, చిన్న పొక్కులు గుంపుగా లేచి పుండ్లయి, వారం రెండు వారాల్లో వాటంతటవే మానిపోతుంటే హెర్పిస్ అనే వైరస్ సుఖవ్యాధిని అనుమానిస్తారు. ఏదో ఒక నొప్పి మాత్రో, సల్ఫా మందో వేసుకున్న ప్రతిసారీ అదే చోట గుండ్రటి మచ్చ లేచి, మానినా నల్లగా మిగిలిపోతే అది ఆ మందు పడకపోవడం వల్ల వచ్చేది. దీన్ని చాలామంది సుఖవ్యాధిగా పొరబడి కుమిలిపోతారు. నొప్పి లేని పుండు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా సిఫిలిస్ అనే సుఖవ్యాధికి రక్తపరీక్ష చేయించుకోండి.

స్టెరాయిడ్ మానగానే కొన్నాళ్ళు ఎరుపు, మంట పెరగవచ్చు. నాకూ పెరిగాయి, అది చూసి మళ్ళీ ఆ ట్యూబు జోలికి వెళ్ళకండి. దద్దు కనిపిస్తున్న రోజే వైద్యుణ్ణి కలవండి, ఇంతవరకు రాసిన ట్యూబులన్నీ వెంట తీసుకెళ్ళండి.