డాబా మీద డబ్బా పెట్టించే ముందు
ఇంటి ఇంటర్నెట్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తణుకు దగ్గరి పల్లె నుంచి: మా ఊళ్లో రోడ్డు వెంట స్తంభాల దాకా ఫైబర్ వచ్చింది. మా ఇల్లు కొబ్బరితోటలో అర కిలోమీటరు లోపల ఉంది. ఇక్కడిదాకా లాగడం కుదరదంటున్నారు. ఎయిర్‌ఫైబర్ పెట్టించుకుంటే సరిపోతుందని ఇంకొకరు చెబుతున్నారు. మా అబ్బాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడు. రెండూ ఒకటేనా?

ఒకటి కాదు. పేరులో ఫైబర్ ఉన్నా ఎయిర్‌ఫైబర్‌లో మీ ఇంటిదాకా వచ్చేది టవర్ సిగ్నలే. మీ ఫోన్‌కు వచ్చే 5జీనే డాబా మీది డబ్బా పట్టుకుని, వైరు మీదుగా ఇంట్లోని రౌటర్‌కు పంపుతుంది. ఫోన్‌కన్నా ఆ డబ్బాకు యాంటెన్నా పెద్దది, ఎత్తున ఉంటుంది, కదలదు. అందుకే ఫోన్ హాట్‌స్పాట్‌కన్నా బాగా పనిచేస్తుంది.

అయితే దానికి ఒప్పుకునే ముందు ఫైబర్ ఆపరేటర్‌ను మరోసారి గట్టిగా అడగండి. ఊళ్లో ఇళ్లకు ఇచ్చే ఫైబర్ 20 కిలోమీటర్ల దాకా కూడా పనిచేసే రకం, అర కిలోమీటరు దానికి లెక్కే కాదు. అడ్డంకి కేబుల్, స్తంభాల ఖర్చు మాత్రమే. స్తంభం నుంచి ఇంటికి లాగే డ్రాప్ కేబుల్ 1 కిలోమీటరు, 2 కిలోమీటర్ల చుట్టలుగా దొరుకుతుంది. 40, 50 మీటర్లకొక ఊతం చొప్పున మీకు పది పన్నెండు స్తంభాలు పడతాయి. ఆ ఖర్చు మేం పెట్టుకుంటాం అంటే చాలామంది ఆపరేటర్లు ఒప్పుకుంటారు. రెండు పోగుల కేబులే వేయించండి. ఒకటి తెగితే రెండోది ఉంటుంది, ధరలో పెద్ద తేడా ఉండదు. ఇంకో మాట: ఖర్చు తగ్గుతుందని కొబ్బరిచెట్లకు మాత్రం కట్టనివ్వకండి. గాలికి చెట్టు ఊగిన ప్రతిసారీ కేబుల్ సాగుతుంది. మొదటి తుపానుకే లోపలి గాజుపోగు చిట్లుతుంది. ఎక్కడ చిట్లిందో పైకి కనిపించదు.

అది కుదరకపోతే అప్పుడు ఎయిర్‌ఫైబర్. డబ్బు కట్టే ముందు ఒక రాత్రి కేటాయించి పరీక్ష చేసుకోండి. ఆ కంపెనీ సిమ్ ఉన్న 5జీ ఫోన్ తీసుకుని రాత్రి ఎనిమిది, పది గంటల మధ్య డాబా ఎక్కండి. పొద్దున పదకొండింటికి చేసిన పరీక్ష మీకు పనికిరాదు, ఊరంతా ఫోన్లు పట్టుకునేది రాత్రే. నాలుగు మూలలా నిలబడి ఒక్కో చోట మూడుసార్లు స్పీడ్ టెస్ట్ చేసి డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (పిలుపు వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం) మూడూ కాగితం మీద రాయండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలో కనిపిస్తుంది. అది మైనస్ అంకె, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 90 కానీ, అంతకన్నా సున్నాకు దగ్గరగా కానీ ఉంటే సంతోషం. మైనస్ 100 దగ్గరైతే డబ్బా ఎత్తున పెట్టి నెట్టుకురావచ్చు. మైనస్ 110 దాటితే పెట్టించుకోకండి.

సిగ్నల్ నిండుగా ఉండి స్పీడు రాత్రిపూట పదో వంతుకు పడిపోతే జబ్బు మీ డాబా మీద లేదు, టవర్‌లో ఉంది. టవర్ మీద ఒక్కో దిక్కుకు ఒక్కో సెక్టార్ ఉంటుంది. దాని సామర్థ్యాన్ని ఆ దిక్కున ఉన్న ఫోన్లూ, ఎయిర్‌ఫైబర్ డబ్బాలూ అన్నీ పంచుకోవాలి. డబ్బాను ఎంత తిప్పినా ఆ రద్దీ తగ్గదు. ఫైబర్‌లోనూ పంపకం ఉంది. కానీ లెక్క వేరు. మన దగ్గర ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక పోగు మీద దాదాపు 2,500 ఎంబీపీఎస్ వస్తుంది, దాన్ని 32 లేదా 64 ఇళ్లకు విడదీస్తారు. 32 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తిగా వాడినా తలా 78 ఎంబీపీఎస్ దాకా మిగులుతుంది.

మీ అబ్బాయి ఉద్యోగానికి అసలు ముఖ్యం డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడూ పింగూ. 5జీలో ఒకే తరంగాన్ని రానూ పోనూ వంతులవారీగా వాడతారు. వంతుల్లో ఎక్కువ భాగం డౌన్‌లోడ్‌కే ఇస్తారు. కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో కూడా అప్‌లోడ్ చాలా తక్కువగా కనిపించవచ్చు. వీడియో మీటింగ్‌కు 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా ఉంటే చాలు. ‘నిలకడగా’ అన్న మాటే ముఖ్యం. పింగ్ ఒకసారి 25, ఒకసారి 180 మిల్లీసెకన్లు చూపిస్తుంటే స్పీడు ఎంతున్నా మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది.

బిగించే రోజు దగ్గరుండండి. వచ్చినవాళ్లు సులువుగా ఉందని పిట్టగోడకో, వాటర్ ట్యాంకు పక్కనో బిగించి వెళ్తారు. నీళ్లున్న ట్యాంకు సిగ్నల్‌ను మింగేస్తుంది. కొబ్బరాకులు కూడా అంతే, తడిసినప్పుడు మరీ ఎక్కువ. మే నెలలో బాగా పనిచేసింది జులైలో మొరాయించడానికి చాలాసార్లు కారణం ఇదే. ఆకుల మట్టానికి పైన ఉండేలా పైపు వేయించండి. పైపు ఊగకూడదు. దగ్గరి టవర్ వైపే తిప్పాలన్న నియమం లేదు. దూరపు టవర్‌లో రద్దీ తక్కువైతే అదే మేలు. పది డిగ్రీలకోసారి తిప్పుతూ రెండు నిమిషాలు ఆగి అంకె చూడమనండి. కిందికి దింపే వైరు ఎండకు తట్టుకునే బయటి రకం క్యాట్ 6 అయి ఉండాలి. ఒకే ముక్కగా 100 మీటర్లు దాటకూడదు. గోడ రంధ్రంలోకి వెళ్లేముందు వైరును కిందికి వంచి మళ్లీ పైకి తీయాలి. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, లేకపోతే వైరు పట్టుకుని నేరుగా రౌటర్‌లోకి దిగుతుంది.

కూకట్‌పల్లి నుంచి: మా అపార్ట్‌మెంట్‌లో మూడు కంపెనీల ఫైబర్ ఉంది. అయినా ఎయిర్‌ఫైబర్ తీసుకుంటే గోడలకు రంధ్రాలు ఉండవంటున్నారు. ఏది మేలు?

ఫైబర్. ఇందులో ఆలోచించాల్సింది లేదు. ఎయిర్‌ఫైబర్‌కూ పైనుంచి వైరు దిగాల్సిందే, రంధ్రం తప్పదు. పైగా నెల డేటా హద్దు చూడండి. పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో మామూలుగా 3.3 టీబీ (టీబీ అంటే వెయ్యి జీబీ) ఉంటుంది, ఎయిర్‌ఫైబర్ ప్లాన్లలో ఎక్కువగా 1 టీబీ. రోజుకు 33 జీబీ అన్నమాట. 4కె సినిమా గంటకు 7 జీబీ దాకా తాగుతుంది. అద్దెకుండి ఆరు నెలల్లో ఇల్లు మారేవాళ్లకైతే ఎయిర్‌ఫైబర్ సంగతి వేరు. అప్పుడు కూడా కొత్త చిరునామాలో సిగ్నల్ ఉంటేనే డబ్బాను తీసుకెళ్లగలరు.

మదనపల్లె నుంచి: మా దగ్గర ఒక ఆపరేటర్ 5జీ కాదు, చిన్న డిష్ పెట్టి నెట్ ఇస్తున్నాడు. వానకు ఆగిపోతుందేమో?

అది లైసెన్సు అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్ రేడియో. ఎయిర్‌ఫైబర్ పేరుతో పెద్ద కంపెనీలు కూడా కొన్నిచోట్ల ఇదే పద్ధతి వాడతాయి. దీనికి ఆపరేటర్ స్తంభం మీ డిష్‌కు కంటికి కనబడాలి. మధ్యలో చెట్టు, కొత్తగా లేచిన మూడో అంతస్తు, ఏదొచ్చినా పని అయిపోయినట్టే. నాలుగైదు కిలోమీటర్ల దూరానికి ఈ తరంగం మీద వాన ప్రభావం దాదాపు లేదు. వానకు ఆగిందంటే కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయి, లేదా గాలికి డిష్ రెండు డిగ్రీలు పక్కకు తిరిగింది. డిష్ మెడ దగ్గర పెయింట్‌తో గీత గీసి ఉంచండి. ఈసారి కదిలితే గీత తప్పినట్టు మీకే కనిపిస్తుంది. ఈ తరంగాన్ని ఎవరైనా వాడుకోవచ్చు కాబట్టి పక్క ఆపరేటర్ డిష్‌లు పెరిగేకొద్దీ గొడవ పెరుగుతుంది. ఛానెల్ మార్చమని అడగడం మీ హక్కు.

ఖమ్మం నుంచి: కరెంటు పోతే నెట్ పోతోంది. 8,800 ఎంఏహెచ్ మినీ యూపీఎస్ కొన్నాం. పది గంటలు వస్తుందనుకుంటే రెండున్నర గంటలే వచ్చింది. మోసమా?

మోసం అనలేం, లెక్కలో తిరకాసు. ఆ 8,800 అంకె లోపలి సెల్ ఓల్టేజీ 3.7 దగ్గర రాసింది. 8.8ని 3.7తో గుణిస్తే 32 వాట్‌అవర్లు చిల్లర. మీ ఫైబర్ మోడెమ్ 12 ఓల్ట్‌ల మీద 10 వాట్లు తీసుకుంటే, ఓల్టేజీ పెంచడంలో పోయేది తీసేయగా మిగిలేది రెండున్నర గంటలే. కొనేటప్పుడు ఎంఏహెచ్ వదిలేసి వాట్‌అవర్లు అడగండి. మోడెమ్ అడాప్టర్ మీద 12 ఓల్ట్, 1.5 ఆంప్ అని ఉంటే యూపీఎస్ అంతకు తగ్గకూడదు.

ఎయిర్‌ఫైబర్ వాడేవాళ్లకు ఈ మినీ యూపీఎస్ సాధారణంగా సరిపోదు. డాబా మీది డబ్బాకు కరెంటు నెట్ వైరు గుండానే వెళ్తుంది, అది చాలావాటిలో 48 ఓల్ట్‌లు. లోపల రౌటర్ వేరే. ఒకటి వెలిగి ఒకటి ఆరితే లాభం లేదు. ఇంటి ఇన్వర్టర్ లైన్‌లో రెండింటినీ కలపండి. రెండూ కలిపి సుమారు 20, 30 వాట్లే, 150 ఏహెచ్ బ్యాటరీకి అది బరువు కాదు. కరెంటు పోగానే రౌటర్ ఒకసారి ఆరి మళ్లీ మొదలవుతుంటే ఇన్వర్టర్ వెనుక స్విచ్చి చూడండి, ‘యూపీఎస్’ వైపు ఉండాలి.

అన్నీ వెలుగుతున్నా నెట్ లేకపోతే అవతలి కొసలో కరెంటు లేకపోయి ఉండవచ్చు. జీపాన్ ఫైబర్‌లో వీధి స్తంభం మీద పోగును ఇళ్లకు విడదీసే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, ఆపరేటర్ గదిలో ఉంటే చాలు. కొన్నిచోట్ల కేబుల్ ఆపరేటర్లు దారిలో కరెంటుతో నడిచే నెట్‌వర్క్ స్విచ్చి పెట్టెలు పెట్టి, అక్కణ్నుంచి రాగి వైరు ఇస్తారు. ఆ స్విచ్చి ఎవరి మీటర్ మీద ఉందో కనుక్కోండి.

గుంటూరు నుంచి: మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. ఇంటి కెమెరాలు అక్కణ్నుంచి చూసేది. ఫైబర్ మాని ఎయిర్‌ఫైబర్‌కు మారాక కనిపించడం లేదు.

ఇంతకుముందు మీ రౌటర్‌లో పోర్ట్ (బయటి నుంచి నేరుగా లోపలికి రావడానికి దారి) తెరిచి చూసి ఉంటారు. మొబైల్ నెట్‌వర్క్‌లో వందలమందికి కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తారు. దీన్ని సీజీనాట్ అంటారు. బయటి నుంచి వచ్చిన పిలుపు ఎవరింటికి పంపాలో దానికి తెలియదు, మీ రౌటర్‌లో ఏ మార్పు చేసినా లాభం లేదు. కొన్ని ఫైబర్ కంపెనీలదీ ఇదే పద్ధతి. డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) మెనూలో పీ2పీ లేదా క్లౌడ్ అని ఉన్నదాన్ని ఆన్ చేసి, తయారీ కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనండి. అప్పుడు డీవీఆరే బయటికి పిలుస్తుంది కాబట్టి సీజీనాట్ అడ్డురాదు. అమ్మాయి యాప్‌లో మెయిన్ స్ట్రీమ్ బదులు తక్కువ డేటాతో వచ్చే సబ్ స్ట్రీమ్ పెట్టుకోవాలి, మీ అప్‌లోడ్ తక్కువ కదా.

రికార్డింగ్ మాత్రం ఇంట్లో హార్డ్‌డిస్క్‌లోనే ఉంచండి. ఒక్క కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున రోజంతా క్లౌడ్‌కు పంపితే రోజుకు 21.6 జీబీ. నాలుగు కెమెరాలైతే 1 టీబీ పన్నెండు రోజులు కూడా రాదు.

పాడేరు నుంచి: ఫైబర్ లేదు, 5జీ లేదు. శాటిలైట్ నెట్ మంచిదేనా?

ఏ శాటిలైటో అడగాలి. 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే పాతరకం ద్వారా మాట వెళ్లి జవాబు రావడానికి కాంతి వేగంతోనే అర సెకను దాకా పడుతుంది. మెయిల్, యూపీఐకి సరిపోతుంది, వీడియో మాటలకు నరకం. స్టార్‌లింక్ లాంటివి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి కాబట్టి ఆ ఆలస్యం ఉండదు, ఆకాశం మాత్రం తెరిపిగా కనబడాలి. విదేశంలో కొన్న కిట్ తెచ్చిస్తామనే వాళ్లను నమ్మకండి, ఇక్కడ అనుమతి లేకుండా వాడటం నేరం.

4జీ ఒక గీత వస్తున్నా దారి ఉంది. బయటి యాంటెన్నా పెట్టుకునే రెండు పిన్నులున్న 4జీ రౌటర్ తీసుకుని, టవర్ వైపు తిప్పిన రెండు యాంటెన్నాలను ఎత్తైన వెదురుకో పైపుకో కట్టండి. యాంటెన్నా నుంచి రౌటర్‌కు వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పది మీటర్లు దాటితే యాంటెన్నా సంపాదించిందంతా వైరే తినేస్తుంది. రౌటర్‌నే చూరు కిందికి జరపండి.

శ్రీకాకుళం నుంచి: ఫైబర్ మోడెమ్‌లో ఎర్రలైటు వెలుగుతోంది. మనిషి వచ్చేలోగా ఏం చేయాలి?

ఫైబర్‌లో డేటాను మోసే వెలుతురు మోడెమ్ దాకా రావడం లేదని అర్థం. సన్న వైరు బల్లకాలు కింద నలిగిందేమో, మేకుకు గట్టిగా చుట్టారేమో చూడండి. దాన్ని టీ గ్లాసు మూతికన్నా చిన్న చుట్టగా చుట్టకూడదు. పచ్చ కనెక్టర్ తీసి మళ్లీ టక్కుమనేలా పెట్టండి. దాని కొసను వేలితో ముట్టుకోవద్దు, కంటితో లోపలికి చూడవద్దు. వీధిలో గడ్డి లోడు ట్రాక్టర్ ఏదైనా కేబుల్ లాగిందేమో చూసి, అది కూడా ఫిర్యాదులో చెప్పండి. అప్పుడు అతుకుపెట్టే మెషీన్ వెంట తెచ్చుకుంటారు. అతికించాక పవర్, అంటే వెలుతురు బలం, ఎంతొచ్చిందో అడిగి రాసుకోండి. మైనస్ 27 డీబీఎంకు దగ్గరగా ఉంటే వారంలో మళ్లీ ఎర్రలైటే. మైనస్ 20 చుట్టూ వచ్చేదాకా అతుకు తిరగవేయమనండి.

ఫిర్యాదు నంబరు తప్పక తీసుకోండి. సమస్య తీరకుండానే ఫిర్యాదు మూసేస్తే అదే కంపెనీ అప్పీలు అధికారికి 30 రోజుల్లోపు రాయవచ్చు. దానికి రుసుము లేదు, ఆ నంబరు ఉంటే చాలు.