మైపాడు సూర్యోదయం: మొహాలు నల్లగా వస్తుంటే

అన్నా, నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌లో సూర్యుణ్ని వెనక పెట్టి తీస్తే మొహాలు నల్లగా వస్తున్నాయన్నారు కదా. కెమెరాలో లోపమేం లేదు. సూర్యుడి వెలుగు చూసి అది ఎక్స్‌పోజర్ (ఫొటోకి తీసుకునే వెలుగు) తగ్గించేస్తోంది. మీరు పెంచితే మొహం తేలుతుంది గానీ ఆకాశం పాలిపోతుంది.

ఎం మోడ్‌లో (అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్) ఐఎస్‌ఓ (వెలుగుకి స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/5.6, షట్టర్ వేగం 1/200 సెకను పెట్టి ముందు ఆకాశం రంగు సరిచూసుకోండి, చాలకపోతే షట్టర్ మార్చండి. తర్వాత మొహం మీద వెలుగు పడేలా కెమెరా మీదున్న ఫ్లాష్ లేపండి. దాని గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం చెప్పే అంకె) 12 అయితే, 12ని 5.6తో భాగిస్తే రెండు మీటర్ల చిల్లర, ఫ్లాష్ అందేది అంతవరకే. మనిషి అంతకన్నా దూరంగా ఉంటే వెలుగు చాలదు. మొహం మరీ తెల్లబడితే ఫ్లాష్ కాంపెన్సేషన్ (ఫ్లాష్ వెలుగు పెంచి తగ్గించే సెట్టింగ్) -1కి దించండి. లెన్స్ హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం) తీసేయండి, లేకుంటే అది ఫ్లాష్‌కి అడ్డొచ్చి ఫొటో అడుగున గుండ్రటి నీడ పడుతుంది. చాలామంది దాన్ని లెన్స్ జబ్బనుకుంటారు!

ఇసుక పడిన లెన్స్‌ని గుడ్డతో తుడవొద్దు, ముందు బ్లోయర్‌తో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊదండి.