ఆపిల్, క్యారెట్ పచ్చిగా తింటే నోరు దురద పెడుతుంది, వండితే ఏమీ కాదు: కారణం ఏమిటి?

ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరపడిన కొన్నేళ్లకు ఆపిల్, చెర్రీ, క్యారెట్ పచ్చిగా తిన్నప్పుడల్లా పెదవులు, అంగిలి దురద పెడుతున్నాయని, అవే వండుకుంటే ఏ ఇబ్బందీ ఉండడం లేదని మీరు రాశారు. ఇది పండ్ల మీద కొట్టే పురుగుమందుల వల్లనా, దీని వల్ల ప్రమాదం ఉందా, ఇండియాకు తిరిగి వెళ్తే పోతుందా అని అడిగారు. నేను చాలా కాలంగా స్టుట్‌గార్ట్ సమీపంలో ఉంటున్నాను. సరిగ్గా ఇదే సమస్య నాకూ ఉంది, పరీక్షల్లో నిర్ధారణ కూడా అయింది. వైద్యవృత్తిలో లేకపోయినా, అలర్జీ నిపుణులు నాకు వివరించినదీ, ఆ తర్వాత శ్రద్ధగా చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

పురుగుమందుల అనుమానం ఇక్కడి తెలుగు కుటుంబాల్లో అందరికీ మొదట వచ్చేదే. కానీ కారణం అదే అయితే, మందు ముఖం చూడని పెరటి చెట్టు నుంచి అప్పుడే కోసిన ఆపిల్ తిన్నప్పుడు నోరు దురద పెట్టకూడదు. నాకు అదీ పెట్టింది. ఉప్పునీళ్లలో నానబెట్టి కడిగినా పెట్టింది. తొక్క తీసి తింటే కొంత తగ్గింది గానీ, దురద కలిగించే పదార్థం గుజ్జులోనూ ఉంటుంది కాబట్టి పూర్తిగా పోలేదు.

దీని మూలం వసంతంలో గాలిలో తేలే బిర్చ్ చెట్ల పుప్పొడిలో ఉంది. తెల్లటి బెరడుతో ఇక్కడ వీధుల వెంట, పార్కుల్లో కనిపించే చెట్టు అదే. మన పూర్వులు రాతకు వాడిన భూర్జపత్రం హిమాలయాల్లో పెరిగే బిర్చ్ జాతి చెట్టు బెరడే అయినా, ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లో పుట్టి పెరిగిన మన శరీరానికి ఈ పుప్పొడితో పరిచయం ఉండదు. ఇక్కడికి వచ్చి కొన్ని వసంతాలు ఆ గాలి పీల్చాక, కొందరి రోగనిరోధక వ్యవస్థ ఆ పుప్పొడిలోని ఒక ముఖ్యమైన ప్రోటీన్‌ను శత్రువుగా గుర్తించి, దానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే యాంటీబాడీలను తయారు చేసుకుంటుంది. వచ్చిన మొదటి ఏళ్లలో ఏమీ కాకుండా, తర్వాత ఏప్రిల్ నెలలో తుమ్ములు, కళ్ల దురద మొదలవడానికి కారణం ఇదే. ఆపిల్, చెర్రీ, పీచ్, పియర్, క్యారెట్, సెలరీ, హేజెల్‌నట్ వంటి వాటిలో ఆ ప్రోటీన్‌ను ఆకృతిలో బాగా పోలిన ప్రోటీన్లు ఉన్నాయి. పుప్పొడి కోసం తయారైన యాంటీబాడీలు నోటిలో వీటిని కూడా పట్టుకుంటాయి, వెంటనే అక్కడి కణాల నుంచి హిస్టమిన్ అనే రసాయనం విడుదలై దురద, స్వల్పమైన వాపు వస్తాయి.

వండితే ఎందుకు ఏమీ కాదో కూడా దీనితోనే తెలుస్తుంది. ఈ రకం ప్రోటీన్లు వేడికి తట్టుకోలేవు, వాటి ఆకృతి చెదిరిపోతే యాంటీబాడీలు వాటిని గుర్తించలేవు. కడుపులోని జీర్ణరసాలు కూడా వాటిని త్వరగా విడగొడతాయి కాబట్టి చాలామందిలో బాధ నోరు, గొంతు దాటి కిందికి పోదు, అరగంటలోనో గంటలోనో దానంతట అదే సర్దుకుంటుంది. బిర్చ్ పుప్పొడి పడనివారిలో సగం మందికి పైగా ఇలాంటి అనుభవం ఉంటుంది. అమెరికాలో టఫ్ట్, బ్లమ్‌స్టీన్ అనే వైద్యులు 1942లోనే పచ్చి పండ్ల వల్ల కలిగే ఈ అలర్జీని వర్ణించారు, 1987లో దీనికి ఓరల్ అలర్జీ సిండ్రోమ్ అనే పేరు వచ్చింది, 1989లో వియన్నా పరిశోధకులు బిర్చ్ పుప్పొడిలోని ఆ ముఖ్యమైన ప్రోటీన్ జన్యువును గుర్తించారు.

వంటింటి విషయానికి వస్తే, నాకు పచ్చి క్యారెట్ తురిమి పెసరపప్పు కోసంబరి చేసుకున్నప్పుడు నోటి కంటే ముందు వేళ్లు దురద పెడతాయి, అదే క్యారెట్ సాంబారులో వేస్తే ఎంత తిన్నా ఏమీ కాదు. పచ్చి బంగాళాదుంపల చెక్కు తీస్తున్నప్పుడు కూడా ముక్కు కారడం, చేతులు దురద పెట్టడం ఈ సమస్య ఉన్నవారిలో కనిపించేదే, వాటికి చేతి తొడుగులు వేసుకుంటే సరిపోతుంది. ఆపిల్‌ను ముక్కలు చేసి, దాల్చినచెక్క వేసి కాసేపు మగ్గించి తింటాను. పండు మీద ఇష్టం చంపుకోవలసిన పని లేదు. గోల్డెన్ డెలిషస్, గ్రానీ స్మిత్ రకాలు ఎక్కువ మందికి పడవు, నెదర్లాండ్స్‌లో అభివృద్ధి చేసిన సంతానా అనే రకం చాలామంది తట్టుకోగలుగుతారు, అయితే ఎవరికి ఏది పడుతుందో మనిషిని బట్టి మారుతుంది. బిర్చ్‌తో పాటు మగ్‌వర్ట్ అనే కలుపు మొక్క పుప్పొడి కూడా పడనివారికి సెలరీతో పాటు ధనియాలు, సోంపు, జీలకర్ర వంటి మన పోపుడబ్బా దినుసులు సైతం ఇబ్బంది పెట్టవచ్చు. మీకు ఆగస్టులో కూడా తుమ్ములు వస్తుంటే ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పండి.

నోరు దురద పెట్టిన ప్రతిసారీ అది అలర్జీ కానవసరం లేదన్నది కూడా చెప్పాలి. కంద, చేమ దురద మన ఇళ్లలో తెలియనివారు ఉండరు. అది వాటిలోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు గుచ్చుకోవడం వల్ల ఎవరికైనా కలిగేదే. అనాసపండు ఎక్కువగా తింటే నాలుక మండడానికి అందులోని బ్రొమెలిన్ అనే ఎంజైమ్ కూడా ఒక కారణం. మామిడికాయ సొన అంటుకుని పెదవుల చుట్టూ పొక్కడం మరో రకం, అది తిన్న మరునాడో ఆ తర్వాతో బయటపడుతుంది. మీరు వర్ణించినట్లు నిమిషాల్లో మొదలై, కాసేపట్లో తగ్గిపోయి, వండినప్పుడు కనిపించనిది మాత్రం పుప్పొడితో ముడిపడిన అలర్జీని బలంగా సూచిస్తుంది.

అయినా ఊహతో ఆగిపోకుండా అలర్జీ నిపుణుల దగ్గర పరీక్ష చేయించుకోండి. బాటిళ్లలో వచ్చే పరీక్షా ద్రావణాల్లో ఈ సున్నితమైన ప్రోటీన్లు పాడైపోయి ఫలితం తప్పుగా రావచ్చు కాబట్టి నన్ను ఇంటి నుంచి తాజా పండ్లే తెమ్మన్నారు. ఒక డబ్బాలో ఆపిల్, క్యారెట్, సెలరీ దుంప ముక్క, కొన్ని హేజెల్‌నట్లు పట్టుకెళ్లాను. డాక్టర్ చిన్న సూదిని ముందు ఆపిల్‌లో గుచ్చి, అదే సూదితో నా ముంజేతి చర్మం మీద తేలికగా గుచ్చి, పక్కన పెన్నుతో గుర్తు పెట్టారు, ఒక్కొక్క పదార్థానికీ కొత్త సూది వాడారు. పావుగంట గడిచేసరికి ఆపిల్, హేజెల్‌నట్ గుర్తుల దగ్గర దోమకాటు లాంటి దద్దుర్లు లేచాయి. సెలరీ దగ్గర ఏమీ రాలేదు. అప్పటి వరకు సెలరీ పేరు చూస్తే చాలు పక్కన పెట్టేసేదాన్ని, ఆ తర్వాత వైద్యుల సలహాతో మళ్లీ తినగలిగాను. అలర్జీ మాత్రలు వాడుతుంటే ఫలితం మారిపోతుంది కనుక, పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి.

ప్రమాదం విషయంలో నేను మిమ్మల్ని పూర్తిగా నిశ్చింతగా ఉండమని చెప్పలేను. చాలామందికి ఇది నోటితో ముగుస్తుంది, కానీ మినహాయింపులు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైనది సోయా పాలు, సోయా ప్రోటీన్ పొడులు. బిర్చ్ ప్రోటీన్‌ను పోలినది సోయాలోనూ ఉంటుంది, పానీయాల్లో అది అంతగా చెదిరిపోదు, ఒకేసారి గ్లాసెడు లోపలికి పోతుంది. బిర్చ్ అలర్జీ ఉన్నవారిలో దీని వల్ల తీవ్రమైన ప్రతిచర్యలు వచ్చాయని జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్ఆర్ 2007లో హెచ్చరించింది. సెలరీ విషయంలో వండినా కొందరికి పడదు, ఐరోపా సమాఖ్య చట్టం ప్రకారం ప్యాకెట్ల మీద తప్పనిసరిగా ప్రకటించవలసిన 14 అలర్జీ పదార్థాల్లో అదీ ఒకటి. పీచ్ వంటి పండ్ల తొక్కలో ఎక్కువగా ఉండే ఎల్‌టీపీ అనే మరో రకం ప్రోటీన్ వేడికీ, జీర్ణరసాలకూ లొంగదు, అది పడనివారికి వండిన పండు కూడా ప్రమాదమే. తిన్న వెంటనే పరుగెత్తడం, మద్యం, కొన్ని నొప్పి మాత్రలు, కడుపులో ఆమ్లం తగ్గించే మందులు ప్రతిచర్యను పెంచవచ్చు. ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకుపోవడం, మాట మారడం, ఆయాసం, వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే ఇంట్లో చూద్దామని ఆగకుండా జర్మనీలో అయితే 112కు, మన ఊళ్లో అయితే 108కు ఫోన్ చేయాలి, ఆ స్థితికి మందు అడ్రినలిన్ ఇంజెక్షనే. ఇలాంటిది ఒక్కసారి జరిగినా, ఆ ఇంజెక్షన్ పెన్ను వెంట ఉంచుకోవాలా అని మీ డాక్టర్‌ను అడగండి.

ఇక ఇండియా సంగతి. సెలవులకు గుంటూరు వెళ్లినప్పుడు నాకు తుమ్ములు పూర్తిగా ఆగిపోతాయి, కానీ మా అమ్మ కోసి ఇచ్చిన కశ్మీర్ ఆపిల్ ముక్క తిన్నా అంగిలి దురద పెడుతుంది. ఆపిల్‌లోని ప్రోటీన్ ఎక్కడ పండినా అదే, యాంటీబాడీలు మనతోపాటే ప్రయాణిస్తాయి. పుప్పొడికి దూరంగా ఏళ్ల తరబడి ఉంటే కొందరికి తగ్గవచ్చు, దాని మీద ఆశ పెట్టుకుని ఉద్యోగాలు, ఊళ్లు మారే నిర్ణయం తీసుకోకండి. పడని పుప్పొడిని కొద్దికొద్దిగా ఇస్తూ శరీరానికి అలవాటు చేసే, సాధారణంగా మూడేళ్లు తీసుకోవలసిన ఇమ్యునోథెరపీ అనే చికిత్స బిర్చ్ తుమ్ములకు, కళ్ల దురదకు బాగా పనిచేస్తుంది, పండ్ల దురద దానితో కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. వసంతంలో మీరు పడే అవస్థ ఎక్కువగా ఉంటే ఆ చికిత్స గురించి నిపుణులతో మాట్లాడండి, కేవలం పచ్చి ఆపిల్ తినాలన్న కోరిక కోసమైతే నేను దానిని సూచించను.