ట్రినిడాడ్‌లో కాపురం పెట్టబోతున్న మా అక్క కూతురికి

కాకినాడ

చి.ల.సౌ. సుధకు పిన్ని ఆశీస్సులు.

అల్లుడుగారికి పాయింట్ లీసాస్ పారిశ్రామికవాడలో ఉద్యోగం ఖాయమైందని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. మీ బాబాయి కూడా అక్కడి అమ్మోనియా ప్లాంట్లలోనే చేశారు కాబట్టి ఆ ఊళ్లు, ఆ దారులు, ఆ ధరలు నాకు బాగా తెలుసు. నువ్వు రెండు విషయాలు అడిగావు. నెలకు ఎంత ఖర్చవుతుంది? ఆ హత్యల వార్తలు చదివితే భయంగా ఉంది, పాపను తీసుకుని వెళ్లొచ్చా?

ఇవి వేర్వేరు ప్రశ్నలు కావమ్మా. ట్రినిడాడ్‌లో ఎక్కడ ఉంటారు, ఎలా తిరుగుతారు అన్నదాన్ని బట్టే మీ ఖర్చూ ఉంటుంది, మీ క్షేమమూ ఉంటుంది. అందుకే ఇంటి అద్దె దగ్గర, కారు దగ్గర చెయ్యి బిగించకండి. బిగించాల్సింది కిరాణా సామాను దగ్గర. అక్కడ ఎంతయినా మిగుల్చుకోవచ్చు.

ముందు భయం సంగతి. ఉన్నదున్నట్టు చెబుతాను. 15 లక్షల జనాభా కూడా లేని ఆ చిన్న కరేబియన్ దేశంలో 2024లో 620కి పైగా హత్యలు జరిగాయి. ఆ ఏడాది డిసెంబరు 30న ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి, 2025 ఏప్రిల్ దాకా కొనసాగించింది. అదే ఏడాది జూలైలో మళ్లీ ప్రకటించింది. ఇది చిన్న విషయమేమీ కాదు. అయితే ఈ హత్యల్లో పెద్ద భాగం ముఠాల తగాదాలే. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు తూర్పున ఉన్న లావెంటిల్, మోర్వాంట్, బీథమ్, సీ లాట్స్ లాంటి పేటల పేర్లే మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. ఆ వైపు మీకు పనేమీ ఉండదు. మీలాంటి ఉద్యోగస్తుల కుటుంబాలు చూసుకోవాల్సింది వేరు. ఇంట్లో దొంగలు పడటం, దారిలో కారు ఆపి దోచుకోవడం, ఒంటిమీద బంగారం లాక్కుపోవడం. వీటిని జాగ్రత్తతో చాలావరకు తప్పించుకోవచ్చు. నేను ఆ దేశంలోనే పిల్లల్ని పెంచాను. నువ్వూ పెంచుకోగలవు.

అల్లుడుగారు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగమను. జీతం ఏ కరెన్సీలో ఇస్తారు? అధికారిక రేటు ప్రకారం ఒక అమెరికన్ డాలరుకు దాదాపు 6.8 టీటీ (ట్రినిడాడ్ అండ్ టొబాగో) డాలర్లు వస్తాయి. అంటే ఒక టీటీ డాలరు మన డబ్బుల్లో 13 రూపాయలకు అటూఇటూ. కాగితం మీద లెక్క బాగానే ఉంటుంది. చిక్కల్లా బ్యాంకుకెళ్లి టీటీ ఇచ్చి అమెరికన్ డాలర్లు అడిగినప్పుడు మొదలవుతుంది. ఆ దేశంలో ఏళ్లుగా విదేశీ మారకానికి కొరత ఉంది. బ్యాంకులు కొంచెం కొంచెంగా ఇస్తాయి, క్రెడిట్ కార్డు మీద కూడా విదేశీ ఖర్చుకు నెలకింత అని పరిమితి పెడతాయి. మీ అత్తగారికి నెలనెలా డబ్బు పంపాలన్నా, ఇక్కడి ఇంటి లోను ఈఎంఐ కట్టాలన్నా ఇదే పెద్ద టెన్షన్. అందుకని జీతంలో కొంత భాగమైనా అమెరికన్ డాలర్లలో నేరుగా విదేశీ ఖాతాలో వేస్తారేమో అడగమను. ఏడాదికోసారి ఇండియా టికెట్లు, కుటుంబానికంతటికీ హెల్త్ ఇన్సూరెన్స్, మొదటి నెల వసతి కూడా మాటగా కాకుండా కాంట్రాక్టులో రాయించుకోమను. ఆదాయపు పన్ను 25 శాతం, ఏడాదికి 90 వేల టీటీ దాకా మినహాయింపు ఉంటుంది. బయట ఎక్కువ రేటిస్తామని డాలర్లు అమ్మేవాళ్లు తగులుతారు. వాళ్ల జోలికి పోవద్దు.

ఇక ఇల్లు. పాయింట్ లీసాస్‌కు దగ్గర్లో కూవా, కారాపిచైమా, ఫ్రీపోర్ట్, కాస్త ఉత్తరాన షగ్వానస్ ఉన్నాయి. రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్ ఆ వైపు దాదాపు 4 నుంచి 6 వేల టీటీకి దొరుకుతుంది. గేటు, కాపలా ఉన్న కాంపౌండ్‌లో అయితే ఇంకొంచెం ఎక్కువ. ఆ ఎక్కువ ఇవ్వండి. రాజధానికి పడమర ఉన్న వెస్ట్‌మూరింగ్స్ లాంటి చోట్ల అద్దె దీనికి ఎన్నో రెట్లు, చాలాసార్లు అమెరికన్ డాలర్లలోనే అడుగుతారు. పైగా అక్కడినుంచి ప్లాంటుకు రోజూ హైవే ట్రాఫిక్‌లో వెళ్లిరావాలి. మీకది అనవసరం.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు హాలు, వంటిల్లు చూసి మురిసిపోకుండా ముందు గేటు దగ్గర ఆగి చూడు. రిమోట్‌తో తెరుచుకునే గేటేనా? కారు దిగి గేటు తీసే ఆ అరనిమిషంలోనే చాలామందిని పట్టుకుంటారు. రాత్రి ఇంటికొచ్చేటప్పుడు వెనకాల ఏదైనా కారు వస్తున్నట్టు అనిపిస్తే ఇంటి ముందు ఆగకుండా నేరుగా పోలీస్ స్టేషన్‌కో, లైట్లున్న పెట్రోల్ బంకుకో పోనివ్వాలి. కిటికీలకు ఇనుప గ్రిల్స్ ఉంటాయి. అక్కడ దాదాపు ప్రతి ఇంటికీ ఉంటాయి కాబట్టి చూసి భయపడకు. కానీ లోపలి నుంచి తాళం తీసుకునే గ్రిల్ ఒక్కటైనా ఉందో లేదో చూసుకో. నిప్పంటుకుంటే బయటపడే దారి ఉండాలి. ఆ తాళంచెవి ఎక్కడుందో పాపకు కూడా తెలియాలి.

తర్వాత పెరట్లో నీళ్ల ట్యాంకు చూడు. కొళాయి నీళ్లు చాలా వీధుల్లో రోజూ రావు, వంతులవారీగా వదులుతారు. పెద్ద నల్ల ట్యాంకూ దానికో పంపూ లేని ఇల్లు ఎంత చవకైనా వద్దు. ఎండాకాలంలో ఆ బాధ తట్టుకోలేవు. ఇంకో ప్రశ్న తప్పకుండా అడుగు, ఇంటివాళ్లను కాదు, పక్కింటివాళ్లను: 2018 అక్టోబరు వరదల్లో ఈ వీధిలోకి నీళ్లొచ్చాయా? ఆ నెల వానలకు కరోనీ నది పరీవాహక ప్రాంతమంతా మునిగింది. నడిమి ట్రినిడాడ్‌లో పల్లపు వీధులు చాలా ఉన్నాయి. తుపాన్ల కాలం జూన్ నుంచి నవంబరు దాకా. ట్రినిడాడ్ బాగా దక్షిణాన ఉండటంతో పెద్ద హరికేన్లు చాలావరకు దానికి ఉత్తరం నుంచే పోతాయి. మీకు అసలు బాధ వరదనీటితోనే. భూకంపాలు కూడా వస్తాయి. 2018 ఆగస్టు 21న వచ్చింది 6.9 తీవ్రతది. బీరువా గోడకు బిగించి పెట్టుకో.

కరెంటు మాత్రం చవక. దేశంలో సహజవాయువు ఉంది కాబట్టి ఇళ్లకు యూనిట్ 26 టీటీ సెంట్ల నుంచి మొదలు, బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. ఏసీ వేసుకోవడానికి వెనకాడక్కర్లేదు. అయితే అక్కడ 115 వోల్టులు, అమెరికా తరహా ప్లగ్గులు. ఇక్కడి మిక్సీ పట్టుకెళ్తే తిరగదు. అమెరికా వెళ్లేవాళ్ల కోసం 110 వోల్టుల మిక్సీలు, గ్రైండర్లు మన దగ్గరే అమ్ముతారు, అవి కొనుక్కో.

తిరగడం గురించి నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మొదట్లో కారు అల్లుడుగారి దగ్గరే ఉంటుంది. అక్కడ టాక్సీలు మన షేర్ ఆటోల్లాగా ఒక దారిలో పోతూ మనుషుల్ని ఎక్కించుకుంటాయి. అద్దెకు తిరిగే బండి నంబరు ప్లేటు మీద మొదటి అక్షరం హెచ్. సొంత బండికి పి. పి బండ్లు కూడా బాహాటంగా టాక్సీల్లా తిరుగుతాయి, ఊళ్లో వాళ్లందరూ ఎక్కుతారు. నువ్వు ఎక్కొద్దు. హెచ్ ఉన్నంత మాత్రాన కూడా పూర్తిగా నమ్మొద్దు. 2021 మొదట్లో టాక్సీ అనుకుని ఒక కారెక్కిన యువతిని చంపేశారు. ఆ కారుకు తగిలించింది దొంగ హెచ్ ప్లేటు. దేశమంతా కొవ్వొత్తులు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. కాబట్టి ఒంటరిగా ఉన్నప్పుడు మ్యాక్సీ టాక్సీ ఎక్కు. అది రంగు పట్టీ ఉన్న తెల్ల వ్యాను, పదిమంది ఉంటారు. మీ వైపు వచ్చేది ఆకుపచ్చ పట్టీ. స్టాండులోనే ఎక్కు, దారి మధ్యలో కాదు. చీకటి పడ్డాక అదీ వద్దు. తెలిసిన డ్రైవరును ఒకరిని కుదుర్చుకుని ఫోన్ చేసి పిలిపించుకో. ఆ డబ్బు దండగ అనుకోకు.

ఆరు నెలల్లో రెండో కారు కొనుక్కోండి. జపాన్ నుంచి దిగుమతైన పాత కార్లు బాగా దొరుకుతాయి. ఎడమవైపు నడపడమే కాబట్టి నీకు కొత్తేమీ ఉండదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకుని వెళ్లు.

బంగారం తీసుకెళ్లొద్దు. మంగళసూత్రం పసుపుతాడుకు గుచ్చుకుని జాకెట్టు లోపలికి వేసుకో, గొలుసులూ గాజులూ ఇక్కడ లాకర్లో పెట్టు. దీపావళికి అక్కడ సెలవు, షగ్వానస్‌లో దీవాళీ నగర్ సంబరాలు చూడాల్సినవే. అందరూ తళతళలాడుతూ వస్తారు, నువ్వు గిల్టు నగలతో వెళ్లు. మిలిటరీవాళ్ల యూనిఫాంలా మచ్చలుండే (కామఫ్లాజ్) బట్టలు ఆ దేశంలో చట్టరీత్యా నిషేధం. పాప గౌనుల్లో అలాంటివి ఉంటే తీసేయి.

వంటింటి విషయానికి వస్తే నాకు హుషారొస్తుంది. సూపర్‌మార్కెట్లో చాలా సరుకు దిగుమతిదే, ద్రాక్ష, ఆపిల్, చీజు ధర చూస్తే గుండె జారుతుంది. పాలు ఎక్కువగా డబ్బా పాలో, పాలపొడో. అందుకని శనివారం పొద్దున్నే షగ్వానస్ మార్కెట్‌కు వెళ్లు. బెండకాయలు, వంకాయలు, కాకరకాయలు, బీరకాయలు, పొడవాటి అలసందకాయలు, చేమాకు కట్టలు, పచ్చి కందికాయలు, మునక్కాయలు కుప్పలుగా ఉంటాయి. కరివేపాకుకు అక్కడ పేరు కరపులే. పప్పు అంటే వాళ్లకు పసుపు బఠాణీపప్పు, చవక. దానితోనే చారు, ముద్దపప్పు అలవాటు చేసుకుంటే కందిపప్పు పండగలకు సరిపోతుంది. గోంగూర కోసం బెంగ పడకు. క్రిస్మస్‌కు వాళ్లు ఎర్రటి షర్బత్ చేసుకునే సోరెల్ మొక్క మన ఎర్ర గోంగూరే. వాళ్లు కాయల మీది ఎర్ర రేకలే వాడతారు, ఆకు తినరు. అమ్మేవాళ్లను అడిగితే లేత ఆకు కోసి తెచ్చిస్తారు. కారం మాత్రం చూసి వెయ్యి, అక్కడి గుండ్రటి మిరపకాయ ఒక్కటి మన గుంటూరు మిరపకాయలు గుప్పెడుతో సమానం.

ఇరుగుపొరుగుతో కలిసిపో. కూవా వైపు సగంపైన మనవాళ్లే, 1845 నుంచి ఓడల్లో చెరకు తోటలకు వెళ్లిన కూలీల మునిమనవలు. ఎక్కువగా బిహార్, అవధ్ మూలాలవాళ్లు, కొందరు మద్రాసు ఓడరేవు నుంచి వెళ్లినవాళ్లు. మాట ఇంగ్లిషే. వాళ్లు పెట్టిన రోటీ తిని, మన పులిహోర పంపితే నీ ఇంటికి నాలుగు జతల కళ్లు కాపలా ఉంటాయి. ఏ అలారమ్మూ అంత పని చేయదు. కారాపిచైమాలో గణపతి సచ్చిదానంద స్వామివారి దత్తాత్రేయ మందిరం ఉంది, దాని ముందు 85 అడుగుల హనుమంతుడు. స్వామివారి భక్తుల్లో తెలుగువాళ్లు ఎక్కువ కదా, మొదటి వారంలోనే అక్కడికి వెళ్లు, నలుగురు తెలిసినవాళ్లు దొరుకుతారు.

ఆసుపత్రి మాట. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితమే గానీ బాగా ఎదురుచూడాలి. ప్రైవేటులో చేర్చుకునేముందే డిపాజిట్ అడుగుతారు, ఇన్సూరెన్స్ కార్డు ఎప్పుడూ పర్సులో ఉండాలి. అంబులెన్సుకు 811, పోలీసుకు 999. దోమలతో డెంగీ ఉంది, పాపకు దోమతెర తీసుకెళ్లు.

ఒక్క పని మాత్రం ఈ వారమే చెయ్యాలి. మీ ముగ్గురూ యెల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. ట్రినిడాడ్ నుంచి ఇండియాకు వచ్చేవాళ్ల దగ్గర ఆ సర్టిఫికెట్ లేకపోతే విమానం దిగగానే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేసిన పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. టికెట్ అమెరికా మీదుగా తీసుకుంటే ట్రాన్సిట్‌కు కూడా వీసా కావాలి, అదీ చూసుకోండి. అక్కడి పియార్కో విమానాశ్రయంలో దిగినప్పుడు కంపెనీ కారు వస్తేనే బయటికి రండి.

ఇళ్లు చూడటం మొదలెట్టాక వీడియోలు పంపు. గేటు, ట్యాంకు, వీధి మూడూ కనిపించాలి. అక్కడ రాత్రి 8 గంటలంటే ఇక్కడ తెల్లవారుజామున 5:30, నేను లేచే ఉంటాను. అడ్వాన్సు ఇచ్చేముందు ఫోన్ చెయ్యి.

పిన్ని