వాలెన్సియా సముద్రపొడ్డున నీకు అక్కరకొచ్చే స్పానిష్ మాటలు

చిరంజీవి సంధ్యకు పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

స్పెయిన్‌లోని వాలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో నీకు సీటు వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నా సంతోషం ఇంతా అంతా కాదు. పెదనాన్నగారి ఉద్యోగం మూలంగా మేము ఆ ఊళ్ళో కాపురమున్న రోజుల్లో నువ్వు పలక పట్టిన పిల్లవు; ఇవాళ అదే ఊరికి చదువుకోవడానికి వెళ్తున్నావంటే ఎంతో గర్వంగా ఉంది. అయితే మాటల చివర, "తరగతులు మొదలయ్యేలోపు రోజూ బీచికి వెళ్తుందట, నీళ్ళలో దిగుతుందట" అని మీ అమ్మ అనేసరికి ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు రాలేదు. వెళ్ళవద్దని నేను అనను. విశ్వవిద్యాలయం ముందు నుంచే నాలుగో నంబరు ట్రామ్ మల్వరోసా బీచి వైపు పోతుంది. అంత చేరువలో సముద్రం ఉండగా గదిలో కూర్చోమనడం న్యాయం కాదు. కాకపోతే నాలుగు మాటలు నోటికి పట్టించుకుని వెళ్ళు.

ఉచ్చారణకు భయపడకు. మన త, ద వాళ్ళకు ఉన్నాయి, మన అచ్చులూ ఉన్నాయి; తెలుగు అక్షరాల్లో రాసుకుని చదివితే అక్కడివాళ్ళకు చక్కగా అర్థమవుతుంది. పదం మొదట 'హెచ్' రాసి ఉంటే పలకవద్దు, 'జె' ఉంటే 'హ' అని గొంతులోంచి పలుకు, 'వి'ని 'బ' అను. జంట 'ఆర్' కనిపిస్తే మన బండి ఱను ఒత్తి పలికినట్టు పలకాలి. బోర్డుల మీద ఆ ప్రాంతపు వాలెన్సియన్ భాష కూడా ఉంటుంది. 'ప్లాయా' పక్కన 'ప్లాట్జా' అని కనిపిస్తే రెండూ సముద్రతీరమే.

గొడుగు అద్దెకు కావాలంటే "క్వాంతొ క్వేస్తా లా సొంబ్రీయా?" అని ధర అడుగు, కూర్చున్నాక కాదు, కూర్చోకముందే అడుగు. నీళ్ళలో దిగేటప్పుడు సంచి చూడమనడానికి పక్కన పిల్లలతో వచ్చిన కుటుంబాన్ని ఎంచుకుని, "మె ప్వేదె బిహిలార్ లాస్ కోసాస్ ఉన్ మొమేంతొ, పొర్ ఫబోర్?" అను; 'పొర్ ఫబోర్' అంటే దయచేసి అని. పాస్‌పోర్టు మాత్రం గదిలోనే పెట్టి వెళ్ళు. ఇసుక కడుక్కునే షవర్లు ఎక్కడున్నాయో తెలియకపోతే "దోందె ఎస్తాన్ లాస్ దూచాస్?" అంటే చాలు.

ఇక అసలు సంగతికి వస్తాను. విశాఖలో పుట్టి పెరిగిన దానికి సముద్రం కొత్తా అని నువ్వు అంటావని నాకు తెలుసు. ఆర్కే బీచిలో అమ్మ చెయ్యి పట్టుకుని మోకాలి లోతున అలలు తొక్కడం వేరు, నీళ్ళలో దిగి ఈదడం వేరు తల్లీ.

మా పై వాటాలో కాకినాడ వైపు నుంచి పరిశోధనకు వచ్చిన కుర్రవాడు ఒకడు ఉండేవాడు. తెలివైనవాడు, నెమ్మదస్తుడు, ఎవరు ఏమడిగినా నొప్పించకూడదని తలూపి "సీ, సీ", అంటే అవును అవును, అనడం అతని అలవాటు. ఒక ఆదివారం అందరమూ మల్వరోసాకు వెళ్ళాము. తూర్పుగాలి వీస్తోంది, అక్కడ దాన్ని 'లెబాంతె' అంటారు, అది వీచిన రోజున అల లేస్తుంది. స్తంభం మీద పసుపు జెండా ఎగురుతోంది. నీళ్ళ వైపు నడుస్తున్న ఇతన్ని చూసి, అక్కడ కాపలా ఉన్న 'సొకొర్రీస్తా' అమ్మాయి ఎదురొచ్చి, "సాబెస్ నదార్?" అంటే ఈత వచ్చా అని అడిగింది. "సీ" అన్నాడు. ప్రవాహం బలంగా ఉంది, నడుము లోతు దాటవద్దు అని చెప్పింది. దానికీ "సీ, సీ" అన్నాడు. ఆ మాటల్లో ఒక్కటీ అతనికి తెలియలేదు. ఈత అసలే రాదు.

ఆ తీరంలో ఇసుక మెల్లగా వాలుతుంది. చాలా దూరం నడిచినా నీళ్ళు నడుము దగ్గరే ఉండేసరికి భయం పోతుంది. కాని అడుగున ఇసుక తిన్నెలు ఉంటాయి, వాటి మధ్య కాలువల్లాంటి గుంటలు ఉంటాయి, నీరు వెనక్కి లాగేది అక్కడే. అతని కాలు అటువంటి గుంటలో పడింది. చెయ్యి పైకెత్తి ఊపితే, స్నేహితులను పిలుస్తున్నాడనుకుని ఒడ్డునున్నవాళ్ళు కూడా నవ్వుతూ చేతులు ఊపారు. తెలుగులో అరిచాడు, ఇంగ్లీషులో అరిచాడు, గాలికి ఏదీ వినిపించలేదు. ఆ అమ్మాయి మాత్రం అతని మీద ఒక కన్ను వేసి ఉంచింది కాబట్టి ఎర్రని తేలుడు బుడ్డి పట్టుకుని దూకి లాక్కొచ్చింది. పెదవులు నీలంగా మారి, నా తువ్వాలు కప్పుకుని వణుకుతూ కూర్చున్నవాణ్ణి ఆమె మళ్ళీ ఏదో అడిగితే, అప్పుడు కూడా "సీ, సీ" అన్నాడు. ఆ దృశ్యం తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ వస్తుంది.

అందుకని, అర్థం కానప్పుడు "సీ" అనవద్దు. "నో ఎంతియేందొ", అంటే అర్థం కాలేదు, అను. "మాస్ దెస్పాసియొ, పొర్ ఫబోర్" అని నిదానంగా చెప్పమని అడుగు. ఎన్నిసార్లు అడిగినా ఎవరూ విసుక్కోరు, విసుక్కున్నా నీకు పోయేదేమీ లేదు. దిగేముందు నువ్వే వెళ్ళి "పొదేమొస్ బన్యార్నొస్ ఓయ్?" అని, "ఆయ్ కొర్రియేంతె?" అని, "కూబ్రె ముచొ?" అని అడుగు, ఈ రోజు దిగవచ్చా, లాగుడు ఉందా, లోతు ఎక్కువా అని. ఈత రాదని చెప్పడానికి "నో సే నదార్", కాలికి నేల అందడం లేదని చెప్పడానికి "నో ఆగొ పియే". ప్రాణాపాయం వస్తే "సొకోర్రో!" అని, లేదా "అయూదా!" అని అరవాలి. జెండా 'బేర్దె' అయితే ఆకుపచ్చ, 'అమరీయా' అయితే పసుపు, 'రోహా' అయితే ఎరుపు. ఎరుపు ఎగిరితే దిగడం నిషేధం, ఆ రోజు ఒడ్డునే కూర్చో. కాపలావాళ్ళు అన్ని నెలల్లోనూ ఉండరు, రోజంతా ఉండరు. కుర్చీ ఖాళీగా ఉంటే నీళ్ళలోకి వెళ్ళకు. ఎప్పుడైనా నీరు లోపలికి లాగితే దానికి ఎదురీదకు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదు. అత్యవసరానికి 112 నంబరు.

జెల్లీ చేపలను 'మెదూసాస్' అంటారు. కుడితే "మె ఆ పికాదొ ఊనా మెదూసా" అని చెప్పి చూపించు. ఈలోగా సముద్రపు నీళ్ళతోనే కడుక్కో, మంచినీళ్ళు పోయవద్దు, తువ్వాలుతో రుద్దవద్దు.

ఆకలి వేస్తే ఒడ్డున 'చిరింగీతొ' అనే చిన్న భోజనశాలలు ఉంటాయి. నీకు మాంసం పనికిరాదు కదా, "నో కోమొ కార్నె ని పెస్కాదొ", అంటే మాంసం, చేప తినను, అన్నంత మాత్రాన సరిపోదు. "సిన్ హమోన్, సిన్ అతూన్" అని పంది మాంసం, ట్యూనా చేప పేర్లు విడిగా చెప్పు, ఎందుకంటే మామూలు సలాడ్ మీద కూడా ట్యూనా వేసి తెస్తారు. దాహానికి 'ఒర్చాతా' తాగు. 'చూఫా' అనే చిన్న దుంపలను నానబెట్టి రుబ్బి తీసిన పాలు, చల్లగా ఉంటుంది, నీకు తప్పక నచ్చుతుంది. బిల్లుకు "లా క్వేంతా, పొర్ ఫబోర్".

బయలుదేరేలోపు ఈ మాటలన్నీ గట్టిగా పలికి, రికార్డు చేసి నాకు పంపించు. "సొకోర్రో"లో ఆ బండి ఱ నాకు స్పష్టంగా వినిపించేదాకా మళ్ళీ మళ్ళీ పంపమని అడుగుతాను, విసుక్కోకు.

నీ క్షేమం కోరే
పెద్దమ్మ