7, 4 లీటర్ల పాత్రలతో 5 లీటర్లు కొలవడం

7, 4 లీటర్ల పాత్రలు రెండే వాడి సరిగ్గా 5 లీటర్లు కొలవాలన్న లెక్కకు మీరు చేసిన ప్రయత్నం చూశాను, దాదాపు చివరిదాకా వచ్చారండీ. 4 లీటర్ల పాత్రతో రెండుసార్లు పోసి 7 లీటర్ల పాత్ర నింపాక, చిన్నదాంట్లో మిగిలిన 1 లీటరును పారబోశారు. దారి అక్కడే తప్పింది. ఆ ఒక్క లీటరే మీకు కావలసింది! పెద్ద పాత్రను ఖాళీ చేసి, ఆ లీటరును అందులోకి వంపండి. చిన్నదాన్ని మళ్లీ నిండుగా నింపి దానికి కలపండి: 1కి 4 చేరితే 5.

చిన్నదాన్ని మూడుసార్లు నింపాం, పెద్దదాన్ని ఒకసారి పారబోశాం. 12లోంచి 7 పోతే 5. నేనైతే నీళ్లు ముట్టుకోకముందే ఈ తీసివేత కాగితం మీద చూసుకుంటాను.

ఇక 6, 4 లీటర్ల పాత్రలతో 5 లీటర్లు కొలవడం అసాధ్యం. రెండూ సరిసంఖ్యలు కాబట్టి ఎన్నిసార్లు నింపినా, వంపినా మిగిలేది సరిసంఖ్యే. కొలవాల్సిన పరిమాణాన్ని రెండు పాత్రల గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, అంటే రెండింటినీ భాగించే అతిపెద్ద సంఖ్య) నిశ్శేషంగా భాగించాలి.